ఔన్సులో పదిహేనో వంతు

తెల్లవారుజాము నాలుగున్నరకి వార్డు ఫోను మోగితే
అది ఒరేల్ ప్లూర్డే.
వెనకాల పాలు పితికే యంత్రం
టక్కు-చుస్సు, టక్కు-చుస్సు అంటుంటుంది.
హలో అనడు. నేనెవరో అడగడు.
"ఎన్ని తాగింది?"

"రెండు మిల్లీలీటర్లు."
"మనుషుల భాషలో చెప్పు."

మనుషుల భాష అంటే
వెర్మాంట్ కొండల్లో అరవై ఆవుల కొట్టం,
చేతికి వేలాడే గ్యాలన్ డబ్బా,
అందులో పావు క్వార్టు, క్వార్టులో సగం పింటు,
పింటుకి పదహారు ఔన్సులు.
ఆయన మెట్లు అక్కడితో ఆగిపోతాయి.
మా వార్డు ఆ ఆఖరి మెట్టు కింద
చీకట్లో మొదలవుతుంది.

"ఔన్సుకి ముప్పై మిల్లీలీటర్లండీ" అన్నాను.
పెన్సిలు గీసిన చప్పుడు, దాణా సంచీ మీద కాబోలు.
చాలాసేపు యంత్రమే మాట్లాడింది.
"పదిహేనో వంతు" అన్నాడు చివరికి,
ఇన్నాళ్లూ నేనేదో దాచినట్టు.
"మా కొట్టంలో పిల్లి మూతికి అంటుకునేదే
అంతకంటే ఎక్కువ."

ఓడెట్ ఇరవై ఎనిమిది వారాలకే వచ్చేసింది.
ముక్కులోంచి దిగిన గొట్టం దారమంత.
పిస్టన్ తీసేసిన సిరంజిలో పాలు పోసి
ఎత్తి పట్టుకుంటాను,
ఉగ్గుగిన్నె అడుగైనా తడవని పాలు.
వాటంతటవే దిగాలి. నొక్కకూడదు.
ఎత్తు నాది, తొందర ఎవరిదీ కాదు.
పక్కగదిలో వాళ్లమ్మ మిరెయ్
పంపు పెట్టుకుని కూర్చుంటుంది.
అదీ టక్కు-చుస్సే.
తండ్రి అక్కడ, కూతురు ఇక్కడ, ఒకే తాళం.
ఈ సంగతి ఇద్దరికీ చెప్పలేదు.

మూడోరోజు కోపంగా మోగింది ఫోను.
"ముప్పై కాదట. పశువుల డాక్టరు చెప్పాడు.
ఇరవై తొమ్మిదీ, చుక్క పెట్టి యాభై ఏడు."
"సర్దుకుని ముప్పై అంటామండీ."
"సర్దేసిన ఆ కాస్తా ఎవరు తాగుతారు?"
నవ్వబోయి ఆగిపోయాను.
గ్యాలన్లవాడికది లెక్కలోకి రాని తడి.
రెండు తాగే పిల్లకి
పూటలో అయిదో వంతు పైమాటే.

మందుల గదిలో ఔన్సు అనే మాటే కూడదు.
చెంచా అన్నా పెద్దనర్సు కళ్లెర్రజేస్తుంది.
దశాంశం చుక్క ఒక గడి జరిగితే చాలు.
ఆ గది దాటి వచ్చి ఫోనెత్తి
ముసలాయన కోసం మాత్రం
మళ్లీ మెట్లన్నీ ఎక్కుతాను.

ఓ రాత్రి అడక్కుండానే చెప్పాడు:
"గ్యాలన్ పాలు మీ లెక్కన ఆ పిల్లకి
రెండొందల ముప్పై ఆరు రోజులొస్తాయి.
పొద్దున లూసిల్ కాలు విదిల్చి
గ్యాలనూ నేలపాలు చేసింది.
తిట్టలేదు. నిలబడి చూశానంతే,
కాలవలోకి పోతుంటే."

మూడు. అయిదు. ఆరు.
తర్వాత ఒక రాత్రి కడుపు ఉబ్బింది.
డాక్టరు పాలు ఆపమన్నాడు.
నాలుగున్నరకి మోగింది.
"ఎన్ని?"
"సున్నా."
పెన్సిలు చప్పుడు లేదు.
సున్నాని మార్చక్కర్లేదు,
ఏ కొలతలోనైనా అది అదే.
అవతల యంత్రం ఆగిపోయింది.
ఆవులు కదులుతున్న గొలుసుల చప్పుడు మాత్రం.
ఎవరం పెట్టేయలేదు ఫోను.

నాలుగు రోజులకి, ఒకటి.
ఒకటి చాలా పెద్ద అంకె.

మార్చిలో మంచు కరిగి
కిటికీ చూరు నుంచి బొట్లు పడుతున్నప్పుడు
గొట్టం తీసేశాం. సీసా నోటికి పెట్టాను.
మధ్యలో నిద్రపోయింది, తుమ్మింది,
నన్ను తప్పుబట్టినట్టు చూసింది.
గీత దాకా ఖాళీ చేసింది.

"ముప్పై" అన్నాను.
"ఔన్సు" అన్నాడు.
కాసేపాగి, గొంతు సవరించుకుని,
"ఔన్సూ, ఆ సర్దేసిన కాస్తానూ."
ఏదో తలుపు కిర్రుమంది.
"ఉండు, లూసిల్‌కి చెప్పాలి" అని
ఫోను సున్నపు గోడకి వేలాడేసి వెళ్లిపోయాడు.